బాతుల కుడితి

ఇది కుట్ర, విషప్రయోగం, తండ్రీకొడుకుల యుద్ధం ఉన్న మహాగాథ. గుండె దిటవు చేసుకుని చదవాలి.

అంత లేదు. ఇది ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక పెంచిన బాతుల తిండి గురించి. యుద్ధం మాత్రం నిజం. నా కోపం ఇంకా తగ్గలేదు.

దుకాణంలో అమ్మే దాణా బాతులకు పెట్టడమంటే అల్లుడి మర్యాదలే. మాకు గిట్టుబాటు కాదు. అందుకని టార్పాలిన్ పరిచిన గుంతలో అజొల్లా అనే నీటి మొక్క పెంచాను. వరి మడుల్లో నత్తలు ఏరి చితక్కొట్టాను. వాటికి తోడు నూకలు, తవుడు, శేరిగూడ ఇంజనీరింగ్ హాస్టల్లో మిగిలిన అన్నం. పిల్లలు ఆ అన్నం ఎందుకు వదిలేశారో నేను అడగలేదు. బాతులూ అడగలేదు. ఉప్పు ఎక్కువైతే బాతులు బతకవు కాబట్టి పచ్చడి, అప్పడం తగిలింది వద్దని వంటాయనకు దండం పెట్టి చెప్పాను. తెచ్చాక మళ్లీ కడిగేవాణ్ణి. నా కంచం నేను ఏనాడూ అంత శ్రద్ధగా కడగలేదు.

ఇక గుడ్లు పెడతాయనుకుంటుండగా, బాతులు తొట్టెడు నీళ్లు తాగి ఇంకా కావాలని అరిచాయి. మర్నాటికి కొన్ని తూలాయి. రెండు పడిపోయి మళ్లీ లేవలేదు.

బండి తీసి శేరిగూడ పోయి వంటాయన మీద పడ్డాను.

"ఏం కలిపినవన్నా? నిజం చెప్పు."

ఆయన డ్రమ్ములోంచి ముద్ద తీసి నా చేతిలో పెట్టాడు. "తిను తమ్మీ. గిండ్ల ఉప్పుంటె నా మీసం గొరుగు."

తిన్నాను. ఉప్పు లేదు. రుచీ లేదు. ఆయన మీసం ఆయనకే మిగిలింది.

ఇంటికొచ్చేసరికి బాపు బాతుల తొట్టి మీద వంగి ఉన్నాడు. పిడికిట్లో రాళ్ల ఉప్పు. బర్రెలున్నప్పుడు రోజూ కుడితిలో పిడికెడు ఉప్పు వేసేవాడు. బర్రెలు పోయాయి, పిడికిలి పోలేదు.

"బాపూ! ఏం చేస్తున్నవ్?"

"చప్పటి కూడు ఎట్ల తింటయ్‌రా? పొద్దున, మాపు జరంత ఏస్తున్న."

"అవి బర్రెలు కావు!"

"అవ్, కావు. అందుకే జరంత. బర్రెలకైతె ఇంక ఎక్కువేస్తుంటి."

నేను అరిచిన అరుపుకు నాదర్‌గుల్ మీద తిరిగే ట్రైనింగ్ విమానాలు ఆగాల్సింది. ఆగలేదు. పక్కింటామె మాత్రం బట్టలు ఆరేయడం ఆపి చూసింది.

బాపు పడిపోయిన రెండింటి వైపు చూశాడు. "మంచిగ తింటయని ఏసిన బిడ్డా," అన్నాడు. దాంతో ఒళ్లు ఇంకా మండింది. పగతో చంపినవాణ్ణి తిట్టొచ్చు. ప్రేమతో చంపినవాణ్ణి తిట్టబోతే సగంలోనే మాట తడబడుతుంది. అయినా తిట్టాను.

పశువుల దవాఖాన డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆ తిండి పారబోసి, మంచినీళ్లు కొద్దికొద్దిగా తాగించమన్నాడు. తాగించాం. నేను బాపుతో మాట్లాడలేదు, బాపు బిందె కింద పెట్టలేదు. మిగిలినవి బతికాయి.

ఉప్పు డబ్బాను తీసుకెళ్లి అటక మీద పెట్టేశాను. ఇప్పుడు కూరలో ఉప్పు తక్కువైతే స్టూలు ఎక్కాలి. స్టూలుకు ఒక కాలు పొట్టి, కింద పాత చెప్పు పెట్టాలి.