పూలబుట్ట వెంట కొండెక్కిన వైనం

ఆ రోజుల్లో మా అనకాపల్లిలో విశాఖపట్నం చూసొచ్చిన వాళ్ళంటే ఒక గౌరవం ఉండేది. నేను ఏకంగా మూడుసార్లు చూశాను (రెండుసార్లు బడివాళ్ళతో, ఒకసారి ఎవరిదో పెళ్ళికి, ఆ పెళ్ళిలో విడిదిల్లు దాటి బయటికే రాలేదు, అది వేరే సంగతి). అందుకని పదిహేడేళ్ళ వయసుకే ఆ ఊళ్ళో సందుగొందులన్నీ నాకు కొట్టినపిండి అని ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. ఆ గొప్పలే నా కొంప ముంచాయి.

అప్పటికి మా నాయనమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, ఎదురుగా మనిషి నిలబడితే నీడలా కనిపించేది. పట్నం పెద్దాసుపత్రిలో ఆపరేషనంటే ఏడాదిపాటు ససేమిరా అంది. చివరికి ఒక షరతు మీద దిగొచ్చింది. "ముందల కొండమీద ఎంకన్నబాబుకి బెల్లం ఇచ్చుకుంతాను. అప్పుడే కంటికి కత్తెట్టనిత్తాను. నేదంటే తిరుగు బండికి వచ్చేత్తాను" అంది. నాన్నకు బెల్లం మార్కెట్లో ఊపిరాడని రోజులు. మధ్యాహ్నానికి ఆసుపత్రి దగ్గరికి వస్తానన్నాడు. "కొండ సంగతి నాకొదిలెయ్యి" అన్నాను నేను.

పాత ఊళ్ళో, రేవు పక్కన, మూడు కొండలు ఆనుకుని ఉంటాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. రిక్షావాడు "ఏ కొండకమ్మా?" అని అడిగితే, నాకు తెలియదనుకుంటాడేమోనని "ఇక్కడే దింపెయ్, నాకు దారి తెలుసు" అన్నాను. తీరా చూస్తే ఏ సందులో చూసినా మెట్లే. అంతలో నెత్తిన పూలబుట్టతో ఒకావిడ మెట్లెక్కుతూ కనిపించింది. కొండమీదికి వెళ్ళే పూలబుట్ట గుడికి కాక ఇంకెక్కడికి వెళుతుంది? నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆవిడ వెనకే నడిచాను.

దారి పొడుగునా నాయనమ్మకు ఊరు చూపించాను, అంటే చెప్పాను. ఒక ఇంటి పెంకుల కప్పు దగ్గరే పై ఇంటివాళ్ళ వాకిలి, ఆ వాకిట్లో ఎండుచేపలు, పగిలిన గోడలతో దొరల కాలం నాటి మేడలు. ఏ మేడ ఎవరు కట్టించారో కూడా చెప్పాను (అన్నీ అప్పటికప్పుడు పుట్టినవే). నాయనమ్మ ప్రతిదానికీ "ఓలమ్మ, నిజిమే!" అంటూ పది మెట్లకోసారి కూలబడుతూ ఎక్కింది.

పైకి వచ్చేసరికి ఎదురుగా తెల్లటి గుమ్మటం, దాని పక్కన ఆకుపచ్చ జెండా. గుడి గోపురమేమో పక్క కొండ మీద ఉంది. పూలబుట్ట ఆవిడ నేరుగా దర్గాలోకి వెళ్ళిపోయింది. నాయనమ్మ ఎగశ్వాస తీస్తోంది, దిగి ఇంకో కొండ ఎక్కే ఓపిక లేదు. నిజం చెబితే తిరుగు బండెక్కేస్తుంది, ఇక ఆ కళ్ళు అంతే. ఏడుపు దిగమింగుకుని నిలబడ్డాను. దర్గా చూసుకునే తెల్లగడ్డం తాత మమ్మల్ని చూసి రెండు మెట్లు దిగొచ్చి, "నిదానంగా రా చెల్లెమ్మా, ఈ మెట్టు ఎత్తు" అంటూ నాయనమ్మకు చెయ్యందించాడు. నేను ఆయన చెవిలో సంగతంతా చెప్పాను. "ఫరవాలేదమ్మా. కళ్ళ కోసమే కదా, నేనూ అడుగుతాను" అని బెల్లం ముందుపెట్టుకుని ప్రార్థన చదివి, నెమలీకల కట్టతో ఆమె తల నిమిరాడు. "ఇక్కడి పూజారిగారిది వేరే ఊరు నాయనమ్మా, మంత్రాలు అలాగే ఉంటాయి" అని సర్దిచెప్పాను. నాయనమ్మ "ఊఁ" అంది. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో చేరింది.

నెలన్నర తరువాత, సోడాబుడ్డి కళ్ళద్దాలతో, కొండకు తీసుకెళ్ళమంది. ఈసారి నలుగురిని అడిగి మరీ గుడి కొండే ఎక్కించాను. తృప్తిగా దణ్ణం పెట్టుకుని, నా వైపు తిరిగి, "బాగుంది. మరి మనం బెల్లవిచ్చిన కొండేదే?" అంది.

"ఇదే కదా నాయనమ్మా" అన్నాను. "కళ్ళు పోతే ముక్కూ సెవులూ పోతాయేటే? దర్గా ఊదు వాసన నాకు తెల్దా?" అంది.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"సెప్తే నువ్వు ఏడుద్దువు. కత్తంటే నాకు సచ్చేంత బయ్యం. నీకు దారి తెలుసన్న దైర్యంతోటే కదే ఆసుపత్రికి వచ్చేను. నీకూ తెల్దని ఒప్పేసుకుంటే నానింకెవుల్ని పట్టుకోవాల?"

ఆ మాటకు మెట్ల మీదే కూర్చుని ఏడ్చేశాను. ఆమె మాత్రం తొందరపెట్టి దర్గా కొండకు నడిపించింది. తాత ముఖం కళ్ళద్దాల్లోంచి ఎగాదిగా చూసి, "గొంతు ఇని ముసిలోడివనుకున్నాను అన్నా, నాకంటే సిన్నోడివే!" అంది. ఆయన నవ్వి మంచినీళ్ళిచ్చాడు.

దారి తెలియకుండానే తెలుసన్న ఆ పదిహేడేళ్ళ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఆ పిల్లకు దారి తెలియదని తెలిసి కూడా దాని చెయ్యి వదలలేదే మా నాయనమ్మ, అది తలుచుకుంటే మాత్రం ఆ నవ్వు కాస్తా ఏడుపవుతుంది.