డేగ డబ్బా, కత్తి డబ్బా

దుకాణదారుడు ఒక వస్తువును రెండోసారి మెచ్చుకున్నాడంటే మా బాపు లేచి నిలబడేవాడు. ఇక ఆ బేరం అక్కడితో సరి. దేవరకొండ దగ్గర మా ఊళ్ళో మాకు గొర్రెల మంద ఉండేది. బాపు బుద్ధెరిగినప్పటి నుంచి సంతల్లో పొట్టేళ్ళు కొని అమ్మినవాడు. నోరు తెరిచి పళ్ళు చూడకుండా, వెన్ను మీద చెయ్యేసి కండ చూడకుండా, రెండు చేతులతో ఎత్తి బరువు చూడకుండా ఒక్క జీవాన్ని కూడా కొని ఎరగడు. మనుషుల విషయంలోనూ దాదాపు అంతే. చుట్టం వచ్చి అరుగు మీద కూర్చుంటే చాలు, ఎందుకొచ్చాడోనని లోపలికెళ్ళి మా అమ్మను గుసగుసగా అడిగేవాడు. నాకూ ఆ గుణమే వచ్చింది. అందుకు నేనేమీ సిగ్గుపడను. అనుమానించి బాగుపడ్డవాళ్ళను నేను చాలామందినే చూశాను.

తొంభైల చివర్లో, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ అయ్యాక, నేనూ నా దోస్తూ కలిసి జడ్చర్ల చౌరస్తాలో కంప్యూటర్ గేముల దుకాణం పెట్టాం. మేం డిగ్రీలో ఒకే గదిలో కిరాయికి ఉన్నవాళ్ళం. వాడిది జడ్చర్లే. వాళ్ళ అబ్బాకు, అంటే నాన్నకు, రోడ్డు మీద లారీ టైర్ల దుకాణం ఉండేది. దాని పక్కనే ఖాళీగా పడి ఉన్న గదిని మాకు ఇచ్చాడు. జాగా వాళ్ళది, కంప్యూటర్లు కొన్న పైసలు మా గొర్రెలవి. గంటకింత అని తీసుకుని గేములు ఆడనిచ్చేవాళ్ళం. కాలేజీ పిల్లలు, లారీల క్లీనర్లు, బస్సు తప్పిపోయినవాళ్ళు వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళు బాగానే నడిచింది.

అంతలో మహబూబ్‌నగర్‌లో ఇంకొకాయన ఇలాంటిదే తెరిచాడు. అక్కడ కార్ల పందెం ఆడితే చక్రాల కింద దుమ్ము లేస్తుందట, అద్దం మీద వాన చినుకులు పడతాయట. మా దగ్గర కార్లు అట్టముక్కల్లా కదిలేవి. మావాళ్ళు ఒక్కొక్కరే బస్సెక్కి అక్కడికి పోవడం మొదలుపెట్టారు. నేనూ మా దోస్తూ ఆడుకోవడానికొచ్చిన గిరాకీల్లా నటిస్తూ వెళ్ళి చూసొచ్చాం. దుమ్ము నిజంగానే లేచింది. కంప్యూటర్ లోపల గ్రాఫిక్స్ కార్డు అని ఒకటి వేరేగా బిగిస్తే బొమ్మ అలా వస్తుందని అప్పుడే తెలిసింది.

మరి ఏ కార్డు? హైదరాబాద్‌లో అప్పుడు రెండు కంపెనీలు కొట్టుకుంటున్నాయి. వాటి పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. ఒకదాని డబ్బా మీద రెక్కలు చాచిన డేగ, ఇంకోదాని మీద కత్తి పట్టిన ఆడమనిషి ఉండేవి. అందుకని మేం డేగ డబ్బా, కత్తి డబ్బా అనుకునేవాళ్ళం. నేను ఒక కంప్యూటర్ పత్రిక కొని అట్ట చిరిగేదాకా చదివాను. అందులో డేగ కంపెనీ ప్రకటనలో రెండు బొమ్మలు పక్కపక్కన వేశారు. వాళ్ళది తళతళలాడుతోంది, అవతలివాళ్ళది మసకమసకగా ఉంది. నాలుగు పేజీలు తిప్పితే కత్తి కంపెనీ ప్రకటనలో సరిగ్గా దానికి ఉల్టా. ఇద్దరూ మేమే ఫస్టు అన్నారు. అప్పటికే కొన్నవాళ్ళను అడిగితే ఇంకా తలనొప్పి. డేగ కొన్నవాడు కత్తిని తిట్టేవాడు, కత్తి కొన్నవాడు డేగ వేసవిలో కాలి చస్తుందని భయపెట్టేవాడు. సొంత మేనమామను వెనకేసుకొచ్చినంత గట్టిగా వాదించేవాళ్ళు.

నాకు డేగ మీద మనసు పడింది. మా దోస్తు కత్తి అన్నాడు.

"నీకెవలు చెప్పిన్రు?" అని అడిగాను.

"ఎవలు చెప్తరు? నాకు తెల్వదా?" అన్నాడు వాడు.

నాకు వెంటనే వాళ్ళ దుల్హాభాయ్ గుర్తొచ్చాడు. దుల్హాభాయ్ అంటే వాళ్ళక్క భర్త. హైదరాబాద్‌లో ఒక పెద్ద కంప్యూటర్ దుకాణంలో పని చేసేవాడు. మేం కొనబోయేది అక్కడే. కత్తి డబ్బా అమ్మితే ఆయనకేదో ముడుతుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. మా దోస్తు అనుమానం ఇంకో రకం. పత్రికలో ప్రకటన చూసి నేను మోసపోయానని వాడి నమ్మకం. రెండు వారాలు మేం చాయ్ కూడా ఎడమొహం పెడమొహంగానే తాగాం.

బాపు పొట్టేళ్ళు అమ్మి, ఆ పైసలు నా చేతికివ్వకుండా తానే రుమాల్లో మూటగట్టుకుని, "పా, నేనొస్త" అన్నాడు. ముగ్గురం హైదరాబాద్ పోయాం. గొంగడి భుజం మీద, సంచీ చంకలో, బాపు ఆ అద్దాల దుకాణంలోకి అడుగుపెట్టగానే అక్కడున్నవాళ్ళు తిరిగి చూశారు. బాపు వాళ్ళందరినీ ఒక్కొక్కరినే ఎగాదిగా చూశాడు.

దుల్హాభాయ్ సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి, రెండు డబ్బాలూ ముందర పెట్టి, "మీ గేములకు డేగనే మంచిగుంటది" అన్నాడు.

నేను కోరుకున్నదే ఆయన చెప్పాడు. ఆ క్షణం నుంచి నాకు డేగ వద్దనిపించింది. బామ్మర్ది కత్తి అంటుంటే ఈయన డేగ అంటున్నాడేమిటి? అమ్ముడుపోని సరుకేమో, వదిలించుకుంటున్నాడేమో. "కత్తే తీసుకుందాం" అన్నాను. నేను అలా ప్లేటు మార్చడం చూసి మా దోస్తు నన్ను పట్టి చూశాడు. "అట్లయితే డేగనే కావాలె" అన్నాడు. దుల్హాభాయ్ మా ఇద్దరి మొహాలూ చూసి చాయ్ తెప్పించాడు.

చివరికి బాపు తీర్పు చెప్పాడు. రెండు కార్డులనూ బయటికి తీయించి, చెరొక చేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కొంచెంసేపు పైకీ కిందికీ ఊపాడు. డేగ కార్డుకు చిన్న ఫ్యాను, అల్యూమినియం దిమ్మ ఉన్నాయి.

"దీనికి కండున్నది," అన్నాడు. "గీ పళ్ళు గూడ మంచిగున్నయ్."

పళ్ళంటే కార్డు కింది అంచున వరసగా ఉండే బంగారు రంగు పట్టీలు. అవి కంప్యూటర్ లోపలి గాడిలో కూర్చుని తగిలితేనే కార్డు పని చేస్తుంది. దుల్హాభాయ్ డేగను అక్కడే ఒక కంప్యూటర్‌కు బిగించి నడిపించి చూపించాడు. దుమ్ము లేచింది, వాన కురిసింది. బాపు రుమాలు విప్పాడు. బిల్లు రాస్తున్నంతసేపూ నేనూ మా దోస్తూ వారంటీ గురించి గొణుక్కుంటున్నాం. బాపు కార్డు పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పైసలిచ్చిన వస్తువును కాసేపు చూసుకుంటున్నాడులే అనుకున్నాను.

జడ్చర్లకు వచ్చి బిగించాం. తెర నల్లగా ఉండిపోయింది. తీసి మళ్ళీ బిగించాం, ఇంకో కంప్యూటర్‌కు మార్చి చూశాం. ఎక్కడ పెట్టినా అంతే. కార్డు అంచు మీద సన్నటి ఎర్ర గీత ఒకటి కనిపించింది. కంపెనీవాళ్ళ గుర్తేమో అనుకున్నాను. ప్రపంచంలో ఉన్నవాటినన్నిటినీ అనుమానించిన నేను ఆ ఒక్కదాన్ని వదిలేశాను.

"ఆడ జరసేపు నడిపి చూపించి, చెడిపోయేదాన్ని అంటగట్టిండు," అన్నాడు బాపు.

మా దోస్తు ఎదుటే అన్నాడు ఆ మాట. వాడి మొహం కందిపోయింది. అయినా పెద్దమనిషిని ఎదిరించలేదు. "రేపు పోయి అడుగుదాం కాకా," అన్నాడు.

మర్నాడు మళ్ళీ ముగ్గురం పోయాం. దుల్హాభాయ్ కార్డు తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. ఒకసారి బాపు వైపు చూశాడు. "జర కూర్చోన్రి" అని లోపలికి వెళ్ళి కాసేపటికి వచ్చాడు. "ఇప్పుడు నడుస్తది, తీస్కపోన్రి" అన్నాడు.

బాపు చెయ్యి చాచి కార్డు తీసుకున్నాడు. కింది అంచు చూశాడు. గట్టిగా చూశాడు.

"నా గుర్తేది?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. బాపు సంచీలోంచి చిన్న రంగు డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. మా దిక్కు సంతలో బేరం కుదరగానే కొన్నవాడు జీవానికి రంగు గుర్తు పెడతాడు. లేకపోతే మందలో కలిపి, బక్కదాన్ని అంటగడతారు. తెలివైనవాడు ఆ గుర్తును అమ్మేవాడి కంట పడని చోట పెడతాడు. ముందురోజు గోడవైపు తిరిగి బాపు చేసింది అదే. అగ్గిపుల్లను ఎర్ర పెయింట్‌లో ముంచి గీత గీశాడు.

"గిది నేను కొన్నది గాదు. మార్చినవ్. దొంగవు నువ్వు," అన్నాడు బాపు.

సంతలో అరిచినట్టే అరిచాడు. దుకాణం మొత్తం ఆగిపోయింది. యజమాని తన కుర్చీలోంచి లేచాడు. దుల్హాభాయ్ ఏదో చెప్పబోయి, మా దోస్తు మొహం చూసి, ఆగిపోయాడు. లోపలికి వెళ్ళి ఎర్ర గీత ఉన్న కార్డు తెచ్చి బాపు చేతిలో పెట్టాడు. బాపు దాన్ని గొంగడిలో చుట్టుకుని, గెలిచిన మనిషిలా బయటికి నడిచాడు.

మా దోస్తు బస్టాండులో నాతో ఒక్కటే చెప్పాడు. "మా అక్క ఆ ఇంట్ల బతకాలె. రేపటిసంది నేను రాను. గది ఖాళీ చెయ్యమని అబ్బతోని చెప్పిస్త." వాడు వేరే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

నేను తిరుగుప్రయాణంలో బాపు ఒళ్ళోంచి కార్డు తీసి కిటికీ వెలుతురులో చూశాను. ఎర్ర పెయింట్ ఒక్క పట్టీని కూడా వదలకుండా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరుచుకుని ఉంది. గేట్లకు వేసే చమురు పెయింట్ అది. తగలాల్సిన చోట తగలకుండా అడ్డం పడింది.  దుల్హాభాయ్ కార్డు మార్చిన మాట నిజమే. చెడిపోయింది ఉంచుకుని మంచిది ఇవ్వబోయాడు. రంగు చూసి కూడా నలుగురిలో బాపు పేరు ఎత్తలేదు.

జడ్చర్లలో దిగగానే టైర్ల దుకాణం పక్క గది తెరిచి, గుడ్డముక్కను స్పిరిట్‌లో తడిపి గీత తుడిచాను. కార్డు బిగించాను. దుమ్ము లేచింది. బాపు నా వెనకే నిలబడి చూశాడు. అప్పటిదాకా పట్టుకున్న కోపమంతా నాకు ఒక్కసారే వచ్చింది.

"చూసినవా? చెడగొట్టింది నీ గుర్తే. నువ్వు తిట్టింది మంచి మనిషిని. నా దోస్తు పోయిండు, దుకాణం పోయింది," అన్నాను. బాపు ముందు నేను గొంతు పెంచడం అదే మొదలు.

బాపు గొంగడి దులుపుకుని మా ఊరి బస్సెక్కాడు.

తర్వాత వచ్చిన సంత రోజున ఊరి నుంచి తెలిసినాయన ఒకడు జడ్చర్లలో దిగి, "మీ బాపు నాతోనే వచ్చిండు, ఇప్పుడే ఈడ హైదరాబాద్ బస్సెక్కిండు" అని చెప్పాడు.  బాపు సంత మానుకున్నాడంటే మామూలు విషయం కాదు. నా మాటలు గుచ్చుకుని, మళ్ళీ ఆ దుకాణం మీదికే పోయి ఉంటాడు. తప్పు తనది కాదని నిరూపిస్తే తప్ప ఊరుకునే మనిషి కాడు. టైర్ల దగ్గర కూర్చున్న మా దోస్తుకు చెప్పాను. వాడు చెప్పులేసుకున్నాడు. ఇద్దరం బస్సులో ముందొకరం, వెనకొకరం కూర్చుని పోయాం.

మేం చేరేసరికి దుకాణం గిరాకీలతో నిండి ఉంది. బాపు యజమాని బల్ల ముందు నిలబడి ఉన్నాడు. గొంతు వీధిలోకి వినిపిస్తోంది. నేను తోసుకుంటూ లోపలికి పరుగెత్తాను.

"మొన్న ఈడనే నిలవడి గీ పిలగాన్ని దొంగ అన్న," అంటున్నాడు బాపు. "దొంగ గాదు. రంగు పూసి చెడగొట్టింది నేను. మంచిదిస్తే వద్దన్నది నేను."

దుల్హాభాయ్ బల్ల అవతల కదలకుండా నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నమ్మకం లేదు. ఈ ముసలాయన ఇంకేం ఎత్తు వేస్తున్నాడోనని చూస్తున్నాడు. యజమాని చుట్టూ ఉన్న గిరాకీలను చూసి ఇబ్బంది పడ్డాడు.

"సరే పెద్దాయనా, అర్థమైంది. కూర్చోండి, మెల్లగా మాట్లాడుకుందాం."

"మెల్లగ ఎందుకు చెప్త? మొన్న మెల్లగ అన్ననా?" అన్నాడు బాపు. తలుపు దగ్గర ఉన్నవాళ్ళకు కూడా వినబడాలని అటు తిరిగి, మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

 మా బాపు ఎవరినైనా క్షమించమని అడగ్గా నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు కూడా ఆ మాట వాడలేదు. దుల్హాభాయ్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

తిరుగు బస్సులో ఒక్క సీటే దొరికింది. బాపును కూర్చోబెట్టి మేమిద్దరం కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. బస్సు షాద్‌నగర్ దాటింది. అప్పుడు మా దోస్తు కిటికీలోంచి బయటికి చూస్తూనే నాతో అన్నాడు, "రేపు పొద్దుగాల దుకాణం నేనే తెరుస్త. నువ్వు మెల్లగ రా."