కులపెద్ద మెచ్చిన కలగూర

అమ్మ పోయాక నాన్న ఒక బర్మా ఆవిడని చేసుకున్నాడు. నేనామెని పిన్ని అనేదాన్ని. బర్మాలో, రేవు దగ్గర లమ్మడా పేటలో, మా మేడమీది గదిలో ఆమె కాపురం కుదురుకుని, మా మాటా మా వంటా నేర్చుకున్నాక, ఎన్నాళ్లకో, మా కులంవాళ్లకి ఉన్నట్టుండి ఆచారం గుర్తొచ్చింది. ఆమె చేతివంట తినేవాళ్లు పంక్తికి పనికిరారట. పెద్దలు మా ఇంటికొచ్చి భోంచేస్తే మేం కులంలో ఉన్నట్టు. తినకుండా గానీ మధ్యలో గానీ లేచిపోతే పిన్నిని పుట్టింటికి పంపెయ్యాలి. నాన్న కులపంచాయితీలో అందుకు తలూపి వచ్చాడు. రేవులో అంతమంది కూలీల మీద అరిచే మనిషి అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

ఈ తీర్పు చెప్పిన కులపెద్ద ఊరి చివర ఇన్సేన్‌లో ఇంకో బర్మా ఆవిడకి ఇల్లు పెట్టాడని అందరికీ తెలుసు. అది వేరే సంగతట. అక్కడ పంక్తి ఉండదు కాబోలు.

వంట తన అప్ప, అంటే మా మేనత్త, చేస్తుందని నాన్న అందరికీ చెప్పాడు. అత్త పొద్దున్నే ఏటి అవతల దలా నుంచి పడవలో వచ్చి, మెట్లమీద చతికిలబడి తమలపాకులు నమిలింది. ఆవిడ వండితే అన్నం కూడా మాడుతుంది. పొయ్యి దగ్గరికి వెళ్లింది పిన్నే.

అన్నిట్లోకీ కలగూర వేపుడే ఆనాటి గొప్ప. కందా అరటికాయా విడివిడిగా ఉడికించి వార్చింది. చిక్కుళ్లు సగమే ఉడకనిచ్చింది. వంకాయ ముక్కలు పోపులోనే మగ్గించి, అన్నీ కలిపి, ధనియాలూ ఎండుమిరపకాయలూ నువ్వులూ వేయించి దంచిన పొడి చల్లింది. గరిటెతో కుళ్లబొడవకుండా మూకుడు పట్టుకుని ఎగరేసింది. కారం ముక్కముక్కకీ పట్టింది, ఒక్క ముక్కా చితకలేదు.

పెద్దలు అరిటాకుల ముందు కూర్చున్నారు. పిన్నిని తెర వెనకే ఉండమని నాన్న చెప్పాడు. అత్త వడ్డించింది. కులపెద్ద కూర రెండోసారి వేయించుకుని, వేళ్లు నాక్కుంటూ అడిగాడు.

"ఏటిరా ఈ రుసి! ఎవులు వండినారు? అచ్చం మన ఊరి సెయ్యే."

"మా అప్పండి," అన్నాడు నాన్న, ఆకులోకి చూస్తూ.

తెర తొలిగింది. పిన్ని బర్మా లుంగీతోనే, కొప్పులో పువ్వుతోనే, మూకుడు పట్టుకుని బయటికి వచ్చింది.

"నానే వండినాను. ఇంకా ఎయ్యమంటారా?"

చేతులన్నీ ఆగిపోయాయి. మాలో పంక్తిపెద్ద లేస్తే, ఆకులో ఏమున్నా సరే, అందరూ లేవాలి. అందుకని అందరూ కులపెద్ద వైపే చూశారు. ఆయన మాత్రం మూకుట్లోకి చూశాడు. ఆ మహానుభావుడు అన్నం ఒక పక్కకి నెట్టి, ఆకులో చోటు చేసి, ఆమె మొహం చూడకుండా అన్నాడు.

"ఎయ్యి."

కులం నిలబడింది. అందరూ తేన్చారు. చేతులు కడుక్కుని, మెట్లు దిగబోతూ కులపెద్ద నాన్న భుజం తట్టాడు. పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మీ అప్ప సెయ్యే సెయ్యిరా. ఎవులడిగినా ఆ మాటే సెప్పు."

"ఔనండి," అన్నాడు నాన్న.

పిన్ని ఎంగిలాకులు తీసింది. ఆ ఇంట్లోనే ఉండిపోయింది, ఆ 'ఔనండి' అన్న మనిషికి చివరిదాకా వండిపెట్టింది. నేనైతే మర్నాడు పొయ్యి వెలిగించేదాన్ని కాదు.