నొప్పి ఎక్కడ, అత్తా?

మా అత్త పోయిందన్న కబురు నాకు హాంబర్గ్‌లో, నేను పనిచేసే ఆసుపత్రి ముందున్న బస్టాపులో తెలిసింది. పొద్దుటి డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఉన్నాను. కోల్‌కతా నుంచి అమ్మ ఫోను చేసింది.

"అత్త ఎల్లిపోనాదే," అంది. "టీ తాగినాది, కప్పు కింద పెట్టినాది, గోడకి జారబడినాది. అంతేనే గుంటా."

బస్సు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను ఎక్కలేదు. డ్రైవరు నావైపు ఓసారి చూసి తలుపులు మూసుకుని వెళ్ళిపోయాడు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. పక్కన కూర్చున్న ముసలాయనకి ఏమని చెప్పను? జర్మన్‌లో మేనత్తకీ పిన్నికీ కలిపి ఒకటే మాట ఉంది. మా అత్త నాకు మేనత్తా కాదు, పిన్నీ కాదు.

ఖిదిర్‌పూర్‌లో మున్సిపాలిటీ పనివాళ్ళ క్వార్టర్లలో మా పక్క గది ఆమెది. అమ్మ ఆమెని వదినా అనేది కాబట్టి నాకు అత్త అయింది. శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె నుంచి పదహారేళ్ళకి పెళ్ళి చేసుకుని కోల్‌కతా వచ్చింది. మామయ్య రోడ్లు ఊడ్చే పనిలో ఉండేవాడు. ఆయన తొందరగానే పోయాడు. ఆ పని ఆమె చేతికొచ్చింది. పిల్లలు లేరు. రిటైరయ్యేదాకా తెల్లవారకముందే లేచి, రోడ్డు ఊడ్చి, ఎండ ముదిరేలోగా ఇంటికొచ్చి, స్నానం చేసి, తల దువ్వుకుని, వరండాలో పీట వేసుకుని కూర్చునేది. ఆమె తల దువ్వుకోకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను నర్సింగ్ చదివి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. జర్మనీలో నర్సులు కావాలంటున్నారనీ, ముందు భాష రావాలనీ విని జర్మన్ క్లాసులో చేరాను. క్లాసులో అందరూ ఇంగ్లీషు మీడియం వాళ్ళు. నేను బెంగాలీ మీడియం. టీచరు జర్మన్ వ్యాకరణాన్ని ఇంగ్లీషులో చెప్పేది. నాకు రెండూ అర్థమయ్యేవి కావు. ఇంట్లో గట్టిగా చదువుకుందామంటే ఉన్నది ఒక్క గది, డ్యూటీ నుంచి వచ్చిన నాన్న అందులో పడుకుని ఉండేవాడు. అందుకని పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చేదాన్ని. అత్త తోటకూర ఏరుకుంటూ వినేది.

"ఎవుడే ఆ దాసు?" అంది ఒకరోజు. "గంట నుంచీ ఆడినే పిలస్తన్నావు."

"మనిషి కాదత్తా. 'వాస్ ఇస్ట్ దాస్' అంటే 'ఇదేటి' అని."

"వాసిస్టదాసా! పేరు బాగున్నాది. సదువుకున్న బాబు పేర్లాగున్నాది." ఆకు ఏరడం ఆపి నవ్వింది. "ఇదేటి అన్న మాట ముందు నేర్సుకున్నావు సూడు, అది మంచి పని. ఇంకేటీ నేర్సుకోకపోయినా బతికెయ్యొచ్చు."

అప్పుడు తన సంగతి చెప్పింది. కొత్తగా వచ్చినప్పుడు బజారులో బెంగాలీవాళ్ళు "ఎటా, ఎటా" అంటుంటే, వీళ్ళు కూడా మనలాగే 'ఏటి' అంటున్నారనుకుందట. "మనూరోల్లే గావాల అని ఎంత సంబరపడినానో. ఒక చేపలామెతో తెలుగులో మాటాడీసినాను. ఆయమ్మ నన్ను ఎర్రిదాన్ని సూసినట్టు సూసినాది." తర్వాత తెలిసింది, బెంగాలీలో 'ఎటా' అంటే 'ఇది' అని. అయినా ఆమె ఊరుకోలేదు. రోజుకొక వస్తువు మీద చెయ్యి పెట్టి "ఎటా కీ?" అని అడిగేది. ఒకరోజు వంకాయ. ఒకరోజు గొడుగు. ఒకరోజు తన ముందు నిలబడ్డ పోలీసు చేతిలో కర్ర. అలా మూడేళ్ళకి బెంగాలీలో పోట్లాడేంత భాష వచ్చింది.

జర్మన్‌లో మీరుకి ఒక మాట, నువ్వుకి ఒక మాట ఉన్నాయనీ, ఎవరిని ఏమనాలో తెలియక చస్తున్నాననీ ఒకసారి ఏడుపు మొహం పెట్టాను.

"రెండేనేటి? బెంగాలోలకి మూడున్నాయి. నాను తెలీక మున్సిపాలిటీ ఆఫీసులో పెద్ద బాబుని కూడా 'తుమీ', నువ్వు అనీసీదాన్ని. పదేళ్ళు అన్నాను. ఆయనేటీ అన్లేదు. తప్పు మాటకీ జవాబొస్తాదే. మాటాడకపోతే ఏటొస్తాది?"

ఈ మాట తర్వాత నాకు చాలా చోట్ల పనికొచ్చింది.

పరీక్షలో నర్సు రోగితో మాట్లాడే భాగం ఒకటి ఉంటుంది. దానికి నాకొక రోగి కావాలి. అత్త ఒప్పుకుంది. మధ్యాహ్నాలు తన మంచం మీద పడుకునేది. నేను స్టూలు మీద కూర్చుని జర్మన్‌లో, మీకు నొప్పిగా ఉందా, ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడిగేదాన్ని. ప్రశ్న ఏదో నా గొంతు ఎత్తుపల్లాలను బట్టి పోల్చుకునేది. జవాబు మాత్రం శ్రీకాకుళం తెలుగులో వచ్చేది. "ఇక్కడ. కుడేపు, డొక్క కింద. తిన్నాక పట్టీసి ఈపులోకి పోతాది." అది నేను జర్మన్‌లోకి మార్చి గట్టిగా చెప్పాలి. అదీ మా ఆట.

ఆమె ప్రతిసారీ అక్కడే చెయ్యి పెట్టేది. తల నొప్పి, కాలు నొప్పి కూడా చెప్పత్తా, నాకు వేరే మాటలు కావాలి అనేదాన్ని. "సరే, కాలు," అనేది. మళ్ళీ మర్నాటికి అదే చోటు. కుడివైపు, డొక్క కింద, తిన్నాక, వీపులోకి. నేను నర్సుని. పరీక్షకి చదువుకునే పిల్లనే కాదు, అప్పటికి మూడేళ్ళు వార్డులో పనిచేసినదాన్ని. ఆ లక్షణాలు ఎవరైనా రోగి చెబితే నిద్రలో కూడా పిత్తాశయం అనేదాన్ని. ఆమె చెబుతున్నప్పుడు నా బుర్రంతా 'వీపులోకి' అనే మాటకి జర్మన్ విభక్తి ఏదన్న దాని మీద ఉండేది.

ఆ పరీక్ష పాసయ్యాను. హాంబర్గ్ వెళ్ళాను.

అక్కడి ఆసుపత్రిలో పూర్తి నర్సుగా గుర్తించాలంటే ఇంకా పైస్థాయి పరీక్ష రాయాలి. పగలు వార్డు, సాయంత్రం భాషా తరగతి. మొదటి చలికాలం నేను రోజుకి ఇరవై మాటలైనా సొంతంగా మాట్లాడి ఉండను. కిరాణా దుకాణంలో మనిషి లేని కౌంటరు ఎంచుకునేదాన్ని. రైల్లో చెవులకి ఏదో తగిలించుకుని కూర్చునేదాన్ని, ఎవరూ పలకరించకుండా. తప్పు మాట్లాడి బతికిన మనిషి పక్కన పెరిగి, తప్పులకి భయపడి నోరు మూసుకున్నాను. మాట్లాడే పరీక్షలో తప్పాను.

ఆ ఆదివారం వీడియో కాల్ చేసి, వచ్చేస్తానత్తా అన్నాను. ఆమె రమ్మనలేదు, ఉండమనలేదు.

"నీ గదిలో అదేటే, తెల్లగా, గోడకున్నాది?"

"హీటరు. గది వెచ్చగా ఉండడానికి."

"ఆల్ల మాటలో ఏటంటారు?"

చెప్పాను. కిటికీ గురించి అడిగింది. కిటికీ అవతల చెట్టు గురించి అడిగింది. ఆ చెట్టు పేరు నాకు తెలియదన్నాను.

"తెలీకపోతే కిందకెల్లి ఎవుల్నో అడుగు. వాసిస్టదాసు అను. నాను లైన్లోనే ఉంటాను."

కోటు వేసుకుని దిగాను. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడని ఆపి, ఫోను చేత్తో పట్టుకుని, చెట్టు చూపించి అడిగాను. ఆవిడ పేరు చెప్పింది. లిండె. వేసవిలో దాని పూల వాసన వీధంతా ఉంటుందంది, పూలతో కషాయం కూడా కాస్తామంది. పావుగంట మాట్లాడింది. సగం అర్థమైంది. ఫోనులోంచి అత్త "ఏటంటన్నాది, ఏటంటన్నాది" అని ఒకటే గొడవ. ఆ పావుగంటలో నేనెన్ని విభక్తులు చంపానో లెక్కలేదు. ఆ పెద్దావిడ ఒక్కటీ దిద్దలేదు. తర్వాతిసారి పరీక్ష పాసయ్యాను.

పోయిన వానాకాలంలో అత్త కళ్ళు పచ్చబడ్డాయి. అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పిత్తాశయంలో ఎప్పటివో రాళ్ళు, వాటి పక్కన గడ్డ, అది అప్పటికే కాలేయంలోకి పాకింది. కాగితాలు ఫోటోలు తీసి పంపింది అమ్మ. నేను డ్యూటీ గది తలుపు వేసుకుని చదివాను. అందులో ఉన్న ప్రతి మాటా నాకు మూడు భాషల్లో వచ్చు.

చాలా రోజులు అడగలేకపోయాను. చివరికి ఒక మధ్యాహ్నం అడిగాను.

"అత్తా, అప్పట్లో మంచం మీద పడుకుని చెప్పేదానివి చూడు, డొక్క కింద అని. నిజంగానే నొప్పా?"

"నిజిమే మరి. నాకు నాటకాలాడ్డం ఒచ్చేటి?"

"మరి నిజమని చెప్పలేదేం?"

"సెప్తే పుస్తకం మూసీసి నన్ను ఆసుపత్రికి లాక్కెల్లిపోదువు. పరీక్ష దగ్గరకొచ్చీసినాది గదా. రోజూ అడిగీదానివి గదే, నొప్పెక్కడ అని. అలగ ఎవులడిగినారు నన్ను? నాకది బాగుండీది," అంది.

నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదది. ఆమెకి అలాంటివి తెలియవు. బాగుండేదనే అంది. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు అది ఇంకా బరువైంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే మా వార్డులో ఒక జర్మన్ ముసలావిడ, తుంటి ఎముక ఆపరేషనైన మనిషి, నేనెప్పుడు అడిగినా "గేట్ షోన్" అనేది. పర్లేదు అని అర్థం. నవ్వుతూ అనేది. చెయ్యి మాత్రం పిక్క మీంచి తీసేది కాదు. డాక్టరు తొందరలో ఉన్నాడు, ఆమే పర్లేదంటోందిగా అన్నాడు. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. నా వాక్యాలు ఒక్కటీ తిన్నగా రాలేదు. అయినా కదలలేదు. పరీక్ష చేస్తే పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంది. సమయానికి దొరికింది, ఆవిడ ఇంటికెళ్ళింది.

ఆ సంగతి అత్తకి చెప్పాను. అప్పటికి ఆమె గొంతు సన్నబడిపోయింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"ఆయమ్మకి ఇంటికాడ ఎవులైనా ఉన్నారేటి, అన్నం పెట్టడానికి?" అని అడిగింది.

నాకు తెలియదు. నేనడగలేదు. అది మా ఆఖరి మాట.

సెలవు దొరికి ఖిదిర్‌పూర్ వచ్చేసరికి కర్మకాండలన్నీ అయిపోయాయి. అత్త గదిలో వేరేవాళ్ళు దిగారు. అమ్మ పెట్టిన అన్నం తిన్నాను, పడుకున్నాను, జర్మనీ టైముకి అలవాటుపడ్డ ఒంటికి నిద్ర రాలేదు. తెల్లవారుతుండగా లేచి, ఆమె ఊడ్చిన రోడ్డు దాకా నడిచాను.

దుకాణాలు ఇంకా తెరవలేదు. రోడ్డు వారన, రోడ్లు కడగడానికి పెట్టిన గంగనీళ్ళ పంపు తిప్పారు. మట్టిరంగు నీళ్ళు తారు మీద వెడల్పుగా పరుచుకుంటూ వస్తున్నాయి, ముందు బంతిపూల రేకలూ టీ తాగి పడేసిన మట్టి కప్పుల ముక్కలూ తోసుకుంటూ. నాకు తెలియని ఒకామె, నడుముకి కొంగు బిగించి, పొడవాటి చీపురుతో ఆ నీళ్ళని తోలుకొస్తోంది. నా దగ్గరికొచ్చి తలెత్తకుండానే, "ఎక్టు శొరున్ దీదీ," కాస్త జరగండి అంది. జరిగి ఫుట్‌పాత్ ఎక్కాను. ఆమె చీపురు నా కాళ్ళ ముందు నుంచి వెళ్ళింది. వెనకాల రోడ్డు నల్లగా, తడిగా, ఆకాశం కనిపించేంత శుభ్రంగా మిగిలింది. మొదటి బస్సు దాని మీంచి వెళ్ళింది. రెండు చక్రాల గీతలు పడ్డాయి, కాసేపటికి నీళ్ళు వాటిని కూడా కలుపుకున్నాయి.