ఉత్తుత్తి జ్వరానికి వచ్చిన బ్రెడ్డు

మా తోడికోడలికి జ్వరం లేదు. ఆ లేని జ్వరానికి ఊరంతా వచ్చి చూసిపోయింది. నాకు నిజంగా కరోనా వచ్చినప్పుడు మాత్రం నా గుమ్మం దగ్గరికి కాకి కూడా రాలేదు.

మాది ఆలూరు పక్క పల్లె. అప్పట్లో నన్ను దొడ్డి వెనక కొట్టంలో మంచం వేసి పడుకోబెట్టారు. మా ఆయన సంగటి గిన్నె గుమ్మంలో పెట్టి, గొళ్లెం చప్పుడు చేసి వెనక్కి పోయేవాడు. అదైనా చేశాడు, ఆయన చల్లగా ఉండాలి. మా అత్త ఎదురు వీధిలో చిన్నకొడుకు ఇంట్లో ఉండేది. ఆమె కోళ్లను పిలిచే గొంతు, చిన్నకోడలిని పిలిచే గొంతు నాకు కొట్టంలోకి వినపడేవి. నన్ను పిలిచిన గొంతు మాత్రం వినపడలేదు. నేను బడికి పోయినదాన్ని కాను. చిన్నప్పుడు మా నాయన చాటలో తవుడు పరిచి, వేలు పట్టుకుని శివనామం రాయించి నాకు అక్షరాలు నేర్పాడు. ఆ కొట్టంలో ఊపిరి అందనప్పుడల్లా మట్టిగోడ మీద వేలితో అదే రాసుకున్నాను. స్వామి నా ఊపిరి నాకు తిరిగి ఇచ్చాడు. అంతకంటే అడగడానికి ఏముంది? లేదనే అనుకున్నాను. కానీ మనసు ఒకటి దాచుకుంది. ఒక్కరైనా దూరంగా నిలబడి "ఎట్లుండావు?" అనలేదే అని.

ఆ తర్వాత కొన్నేళ్లకు మండలం ఆసుపత్రి వాళ్లు మా ఊళ్లో మాక్ డ్రిల్ పెట్టారు. రేపు మళ్లీ అట్లాంటి అంటురోగం వస్తే ఊరు ఏం చెయ్యాలో ముందే చేసి చూసుకోవడం. రోగిని వేరుగా ఉంచాలి. ఎవరెవరిని కలిసిందో అడగాలి. అంబులెన్సును పిలవాలి. జనాన్ని దగ్గరికి రానివ్వకూడదు. మా నర్సమ్మది కడప వైపు. బడి ముందర ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"వానలు రాకముందే మిద్దె మీద చౌడు మట్టి తోలుకుంటాం గదమ్మా. కారేటప్పుడు ఎక్కితే కాళ్లు జారతాయి. ఇదీ అంతే. ఎవరన్నా ఒకరు రోగి మాదిరి పండుకోవల్ల."

అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మా తోడికోడలు లేచింది.

"నేను పండుకుంటా మేడం. ఇంట్లో ఎట్లాగూ పండుకోనియ్యరు."

ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె నోరు తెరిస్తే జనం నవ్వుతారు. నేను నోరు తెరిస్తే జనం బుద్ధిగా తలాడిస్తారు. దేవుడు ఎవరికి ఇచ్చేది వాళ్లకు ఇస్తాడు. ఇచ్చినదానికి దండం పెట్టుకోవాలి, పెట్టుకుంటాను కూడా. కానీ పక్కింటి పళ్లెంలోకి చూడకుండా ఉండడం ఇంకా నేర్చుకోలేదు.

నాకు అప్పగించిన పని, రోగి పడుకునే బడి పక్క గది ముందర గీత గీయడం. దాన్ని ఎవరూ దాటకూడదు. ముగ్గుపిండి చేతికిచ్చారు. కానీ పొద్దున్నే వాకిట్లో ఒట్టి గీత ఏ ఆడది గీస్తుంది? చెయ్యి రాలేదు. రెండు చివర్లలో చెరొక పద్మం వేశాను, మధ్యలో నాలుగు చుక్కలు పెట్టి కలిపాను. చూడ్డానికి బాగుందని నేనే మురిసిపోయాను కూడా.

ముగ్గు ఉన్న వాకిలి రమ్మనే వాకిలి. ఊరు వచ్చింది. అందరికంటే ముందు మా అత్త వచ్చింది. చంకలో బ్రెడ్డు పొట్లం. మా పల్లెల్లో బ్రెడ్డు ఊరికే ఎవరూ తినరు. జ్వరం వచ్చినవాళ్ల కోసమే కొంటారు. ఎవరింటికైనా బ్రెడ్డు పట్టుకుని పోతుంటే, ఎదురొచ్చినవాళ్లు "ఎవరికి బాగలేదు?" అని అడుగుతారు. మా అత్త నా పద్మం మీద కాలు పెట్టి లోపలికి పోయి, చిన్నకోడలి నుదురు మీద చెయ్యి వేసింది.

"అయ్యో తల్లీ! నిప్పు మాదిరి కాలతాండాదే!"

"అత్తా, ఇది ఉత్తుత్తి జ్వరం!"

"నోరు మూసుకోని పండుకో. జ్వరంలో అట్లనే మాట్లాడతారు."

ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. బత్తాయిలు తెచ్చిన వాళ్లు, సోడా తెచ్చిన వాళ్లు, గ్లూకోజు పొడి తెచ్చిన వాళ్లు. నాటకమని అందరికీ తెలుసు. తెలిసినా, మనిషి మంచం మీద పడుకుని ఉంటే చూడకుండా పోతే ఏమనుకుంటుందో అని వచ్చారు. దర్గా దగ్గర ఉండే అవ్వ వచ్చి నెమలీకల కట్టతో తల మీద తట్టి, దువా చేసి పోయింది. మా తోడికోడలు దిండుకు ఆనుకుని మహారాణిలా బత్తాయి తొనలు ఒలుచుకుంటోంది. నేను బయట ముగ్గుపిండి డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు ఎవరికైనా నిజంగా జ్వరం ఉందంటే అది నాకే.

డాక్టరు సారు కుర్చీలోంచి లేచి తల పట్టుకున్నాడు.

"ఇదే నిజమైతే ఈ పాటికి ఊరంతా మంచం పట్టుండేది! ఆ గీత యాడ పోయింది?"

గీత అందరి పాదాల కింద పడి తెల్లటి దుమ్ము అయిపోయింది. నేను తలొంచుకున్నాను. అప్పుడు మంచం మీద నుంచే మా తోడికోడలు అంది.

"సారూ, ముగ్గు చూస్తే మావోళ్లు ఆగరు. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండ కడితే ఎవురన్నా గడప తొక్కుతారా? అది కట్టండి."

సారు చప్పట్లు కొట్టాడు. నర్సమ్మ కొట్టింది. అందరూ కొట్టారు. వేపమండ కట్టిన గుమ్మాలు నేను ఆమె కంటే ఎక్కువ చూశాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకు రాలేదో స్వామికే తెలియాలి.

మళ్లీ డ్రిల్ పెట్టినప్పుడు, నర్సమ్మ అడగడం పూర్తికాకముందే నేను చెయ్యెత్తాను.

"నేను పండుకుంటా."

మా తోడికోడలు కళ్లు పెద్దవి చేసింది. "అక్కా, నీకు నాటకాలు యాడొస్తాయి? తేలు కుట్టినా శివశివా అని ఊరుకునేదానివి."

"పండుకునేదానికి నాటకం యాటికే?"

అదే గది, అదే మంచం. ఈసారి గుమ్మానికి పచ్చటి వేపమండలు కట్టారు. నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. బయట మేకల మెడగంటలు, దూరంగా పిండిమర చప్పుడు. జనం రాకపోతేనే ఊరు గెలిచినట్టని నాకు తెలుసు. కొట్టంలో నేను పడ్డ బాధ ఇంకొకరు పడకూడదంటే ఊరు ఇది నేర్చుకోవాలనీ తెలుసు. స్వామీ, ఒక్కరు కూడా రాకుండా చూడు అని మొక్కుకున్నాను. ఆ మొక్కు ముగియకముందే, స్వామీ, ఒక్కరైనా వచ్చేట్టు చూడు అని ఇంకొకటి మొక్కుకున్నాను. రెండూ మనస్ఫూర్తిగానే. చెవులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి.

నర్సమ్మ ఒంటినిండా తెల్లబట్టలు, ముఖానికి మాస్కు వేసుకుని వచ్చి, నిన్న ఎవరెవరితో మాట్లాడానో అడిగి తెలుసుకుని పోయింది. అంబులెన్సు వచ్చి వాకిట్లో నిలబడి కూత వేసి చూపించింది. వేపమండ దగ్గర ఒక్క అడుగు చప్పుడు కూడా నాకు వినపడలేదు. బయట సారు గొంతు వినపడింది. "శభాష్! ఊరంటే ఇట్లుండాల!" ఆ వెంటనే, వేపమండ ఉపాయం చెప్పిన అమ్మ ఎవరు, ముందుకు రామ్మా అన్నాడు. మళ్లీ చప్పట్లు. నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను.

కాసేపటికి మా తోడికోడలు వచ్చింది. రోగికి అన్నం అందించే పని ఆమెది. సంగటి, చెనిక్కాయల పచ్చడి స్టూలు మీద పెట్టి, వెనక్కి పోయి నిలబడింది.

"తిను అక్కా. జ్వరం ఉత్తుత్తిదైనా ఆకలి నిజమే గదా."

నేను లేవలేదు. అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఎవురన్నా వచ్చినారా మే?"

"ఎట్లొస్తారు? నేనుండా గదా కాపలా."

"ఒక్కరు గూడా రాలేదా?"

"ఒక్కరే. అత్త. అంబులెన్సు కూత ఏసేటప్పుడు చంకలో బ్రెడ్డు పెట్టుకోని వచ్చింది. వేపమండ చూసి ఆగింది గానీ, పోను అని మొండికేసింది. పెద్దదాన్ని అప్పుడు చూళ్లేదు, ఇప్పుడన్నా చూస్తానే అని ఒకటే పోరు. కట్టె తీసుకోని తరిమితే గానీ పోలేదు."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"ఆ బ్రెడ్డు యాడుంది?"

"పిల్లోళ్లకు పెట్టేసినా. నువ్వు రోగిష్టిదానివి, బయటోళ్లు తెచ్చింది నీకు ఇయ్యకూడదని నర్సమ్మ చెప్పింది గదా?" అని పకపకా నవ్వింది.

ఆమె చేసింది సరైన పనే. సారు చప్పట్లు కొట్టింది అందుకే. నా కోసం వచ్చిన ఒకే ఒక్క మనిషిని చూసే భాగ్యం కూడా మా తోడికోడలికే దక్కింది, నాకు కాదు.

ఆ సాయంత్రం దీపం పెట్టి, ఊరు నేర్చుకున్నందుకు దండం పెట్టుకున్నాను. మా అత్త వేపమండ దగ్గర ఆగినందుకు ఒకటి, ఆగినా వెనక్కి పోనన్నందుకు ఇంకొకటి. బయట మా అరుగు మీద కూర్చుని ఆమె చిన్నకోడలిని తిట్టిపోస్తోంది, నన్ను మనిషిగా చూళ్లేదు, గొడ్డును తోలినట్టు తోలింది అని. ఆ తిట్లు చెవికి ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను. దీపం వత్తి సర్దే నెపంతో అక్కడే కూర్చుని చివరిదాకా విన్నాను.

మా ఆయన వచ్చి, "ఆలూరు పోతాండా, బ్రెడ్డు తెచ్చేదా? అడిగినావంట గదా" అన్నాడు.

వద్దన్నాను. మనం తెప్పించుకున్న బ్రెడ్డు వేరు, మనల్ని చూడ్డానికి తెచ్చిన బ్రెడ్డు వేరు.