సీసాలో తేనెటీగలతో చోడవరం బస్సెక్కాను

మేడ మీద నాకున్నది ఒక్కటే తేనెటీగల పెట్టె. నెల రోజులుగా ఈగలు రాలిపోతున్నాయి, పెట్టె ముందంతా గోధుమరంగు మరకలు. ఈగల ఒంటికి అతుక్కుని పీల్చేసే వరోవా నల్లి గురించి చదివాక నాకు తిండి సయించలేదు. మిగిలినవైనా దక్కుతాయో లేదో తేల్చుకుందామని, చోడవరం దగ్గర ఇరవై పెట్టెలు పెంచుతున్న నూకరత్నం గారికి ఫోన్ చేసి, ఆవిడ చెప్పినట్టే గుప్పెడు ఈగల్ని జల్లెడ మూత ఉన్న సీసాలోకి ఎక్కించి బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకి విశాఖలో బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ డబ్బుల్లేవు. కండక్టరు నా ఒళ్లోకి తొంగిచూసి, "ఏటమ్మా అవి? మూత ఊడితే బస్సు కాళీ అయిపోద్ది!" అన్నాడు. రెండు గంటలు బొమ్మలా కూర్చున్నాను. చోడవరంలో దిగి రోలుగుంట వైపు షేర్ ఆటో ఎక్కితే నలభై రూపాయలు. దారంతా చెరకు తోటలే.

నూకరత్నం గారు నన్ను చూడగానే చెయ్యెత్తారు. "గేటు కాడే ఆగండమ్మా! మీ రోగం నా పెట్టెలకంటుకుంటే నేనేటైపోవాల?"

కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ ఆవిడన్నది నిజమే. తనే బయటికొచ్చి, మూత మీంచి పంచదార పొడి పోసి, సీసాని మెల్లగా దొర్లించి, ఆ పొడిని నీళ్లున్న తెల్ల పళ్లెంలోకి దులిపారు. నల్లి ఉంటే పొడితో పాటు రాలి ఎర్రటి చుక్కల్లా కనిపిస్తుందట. ఇద్దరం పళ్లెం మీదికి వంగాం. ఒక్క చుక్క లేదు! ఈగలు మాత్రం ఒళ్లంతా పంచదార పూసుకుని కోపంగా తిరుగుతున్నాయి.

"నల్లి నేదు. మేతేటి పెడతన్నారు?"

"బెల్లం పానకమండి. అసలైన అనకాపల్లి బెల్లం," అన్నాను గర్వంగా.

"ఓలమ్మో! బెల్లం మనకి బలం, ఈగకి యిరోసనాలు. ఆ మరకలవే!" అని నుదురు కొట్టుకుని, అంతలోనే నవ్వేశారు. "సెరుకు పండించేవోల్లం కదా, మొదట్లో నేనూ అదే పోసేను. మూడు పెట్టెలు పోయేయి. మీది బతుకుద్ది, బెంగెట్టుకోకండి. పంచదార పానకం పెట్టి సూడండి."

లేని నల్లిని నెల రోజులు తిట్టుకున్నాను. రోగం నా గిన్నెలోంచే, నా ప్రేమలోంచే వెళ్లిందని తెలిసి సిగ్గేసింది. పది రోజులకి మరకలు ఆగాయి. ఈ ఉదయం ఒక ఈగ కాళ్లకి పసుపుపచ్చ పుప్పొడి మూటలు కట్టుకుని వచ్చింది. నేను మేడ మీద ఒక్కదాన్నే గట్టిగా అరిచేశాను.

మీరూ ఇలా వెళ్తే ఒక్క మాట. మీ సీసాని గేటు బయటే ఉంచండి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే లోపల అడుగు పెట్టండి. తిరిగొచ్చేటప్పుడు బెల్లం కొనుక్కోండి. అది మీకు.