కోటల మ్యాపు

ఆ వీధిలో ఆమెను అందరూ సూదక్క అంటారు. బైండింగు షాపులో మొగుడు కాగితాలు కోసే కట్టర్ మీద, ఆమె సూది మీద. ఆ కాపురమూ ఆ కొట్టూ ఏళ్ల తరబడి అలాగే నడుస్తున్నాయి. పెళ్లయిన కొత్తలో దబ్బనం ఎటు పట్టుకోవాలో కూడా తెలియని పిల్ల. మామగారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఇప్పుడు ఆమె కుట్టిన పుస్తకంలో కాగితం చిరగాలి తప్ప కుట్టు ఊడదు. కుడుతూ చేతికొచ్చిన ముక్క చదివేయడం ఆమెకో జబ్బు. అందుకే వందల కథల నడిమి భాగాలు తెలుసు గానీ, చాలావాటికి మొదలేదో చివరేదో తెలియదు.

వాళ్లకు అన్నం పెట్టేది లైబ్రరీ పని. ఆ లైబ్రరీకి పెద్ద ఒక రిటైరైన జడ్జిగారు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు, పెంచాల్సిన అవసరమూ రాలేదు. అట్ట వంకరగా వచ్చిందని ఇంకో షాపుకు పని మాన్పించేసిన మనిషి.

ఒకరోజు ఆయనే గుడ్డలో చుట్టిన పుస్తకం పట్టుకుని వచ్చాడు. తండ్రి కాలం నుంచీ ఇంట్లో ఉన్న నవల, తాతల నాటి అచ్చు. రాజముద్ర పట్టుకుని శత్రువుల కోటలు దాటుకుంటూ పోయే సిపాయి కథ. దారాలు పుచ్చిపోయి అట్ట ఊడింది. సిపాయి నడిచిన దారంతా గీసిన మ్యాపు ఒకటి చివర్న మడతపెట్టి అంటించి ఉంది. ఇలాంటిది ఇంకోటి దొరకదు, జాగ్రత్త అని మెల్లిగా చెప్పి వెళ్లాడు. ఆ మెల్లిగా చెప్పడానికే సూదక్కకు వణుకు పుట్టింది.

మడత కాగితం ఉన్న పుస్తకానికి మామగారు పెట్టిన పద్ధతొకటి ఉంది. కుట్టేవాళ్లు ఎర్ర దారం ఒకటి బయటికి వేలాడేలా వదలాలి. అది చూసి కట్టర్ దగ్గరున్నవాళ్లు ఆగి, మడతను ఇంకాస్త లోపలికి మడిచి, అప్పుడు అంచులు కోస్తారు. దారం లేకపోతే ఆగరు.

ఆ రోజు సూదక్క దారం పెట్టలేదు. సిపాయి కోటగోడ మీద తాడు పట్టుకుని వేలాడుతున్నాడు, కింద కాపలావాళ్లు దివిటీలతో వెతుకుతున్నారు. ఆమె చదువుతూ చదువుతూ కుట్టడమే మరిచిపోతోంది. త్వరగా కానీమని మొగుడు కేకేసేసరికి గబగబా ముడేసి అందించింది. సిపాయి బతికాడో లేదో అన్న ధ్యాస తప్ప ఆమెకు ఇంకేమీ లేదు.

మర్నాడు అట్ట వేసే ముందు మ్యాపు విప్పితే అది రెండు ముక్కలై ఒడిలో పడింది. మడత ఉన్నచోట సన్నటి పీలిక కోతలో పోయింది. ఆ చెత్త బస్తా పొద్దున్నే పాత కాగితాలవాడు మోసుకుపోయాడు.

సూదక్క ముక్కలు పైకెత్తి మొగుడికి చూపించింది అంతే. ఆయన స్టూలు మీద కూలబడి, విప్పి చూసుకోకపోవడం తన తప్పేనన్నాడు. ఆమె దారం సంగతి చెప్పేసింది. ఆయన తిట్టలేదు. తిడితే కాస్త నయంగా ఉండేది.

వెనక పల్చటి కాగితం వేసి అతికించింది. గీతలు కలవలేదు. మధ్యలో ఏముండేదో తెలుసుకోడానికి ఆ కథ మొదట్నుంచీ చివరిదాకా చదివింది. ఆ వారమంతా ముద్ద దిగితే ఒట్టు. వీధిలో కారాగిన చప్పుడైతే చాలు, సూది వదిలేసి గుమ్మం వంక చూసేది. లైబ్రరీ పని పోతే కట్టర్ అమ్ముకోవడం తప్ప దారి లేదు. అడిగితే అప్పుడు చూద్దాంలే అన్న మొగుడు, జడ్జిగారి చేతికర్ర గుమ్మంలో కనపడగానే అట్టలు తెస్తానని వెనక గదిలోకి జారుకున్నాడు. మగాడి ధైర్యం గుమ్మందాకానే.

సూదక్క పుస్తకం బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి దాచుకుంది.

"సార్, మ్యాపు కోసేశాం. తప్పు నాది. కథలో పడి గుర్తు పెట్టడం మర్చిపోయాను."

 జడ్జిగారి చెయ్యి పుస్తకం దాకా వచ్చి, ఆగి, వెనక్కి పోయింది. ఆమెనే విప్పమన్నాడు. విప్పింది.

"నేను దీన్ని ఎప్పుడూ విప్పి చూళ్లేదమ్మా. మా నాన్న ఈ పుస్తకం ముట్టుకోనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి ముట్టుకున్నాను..." అని ఆపేసి, తిన్నగా సాగని చూపుడువేలిని రెండో చేత్తో నిమురుకున్నాడు. తండ్రి పోయి ఎన్నేళ్లయిందో వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశాడు.

ఇక ఉండబట్టలేక సూదక్క లైబ్రరీ పని సంగతేమిటని అడిగేసింది. దానికీ దీనికీ ఏం సంబంధం అన్నట్టు చూసి, వచ్చే వారం పుస్తకాలు పంపిస్తానన్నాడాయన. 

"ఎలాగూ చెడిపోయింది కదా. ఇక నేను ముట్టుకోవచ్చు."

అని, అనుమతి అడుగుతున్నట్టు ఆమె వంక చూశాడు. ఇన్నాళ్లూ ఈయనకా తాను భయపడింది అనిపించి, సూదక్క జాలిగా మ్యాపును ఆయన వైపు జరిపింది. ఆయన వంకర వేలు మొదటి కోట మీద ఆనింది. తడుముకుంటూ దారి పట్టుకుని వెళ్లి అతుకు దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడేముండేది?"

"ఏరండి. కోతలో పోయింది."

"మరి ఎలా దాటాడు?"

"ఈత రాదండి అతనికి. అయినా దిగాడు."

"భయపడలేదా?"

"భయపడ్డాడండి. భయపడుతూనే దాటాడు."

ఆయన తల ఊపి, వేలు ఎత్తకుండా అతుకు దాటించాడు.